ఎరుపా, ఆకుపచ్చా

కాలువ గట్టు మీద నాదొక చిన్న కొట్టు.
ముందు నాలుగు బల్లలు, ఒక గొడుగు,
గొడుగుకి ఒక చిరుగు.
బెర్లిన్‌కి జూలై వచ్చిందంటే
ఆ చిరుగులోంచి దిగిన ఎండ
మూడో బల్ల మీద నాణెమంత మచ్చై
సాయంత్రం దాకా పాకుతూ ఉంటుంది.
దాన్ని చూసే నేను టైము చెబుతాను.

మచ్చ బల్ల అంచుకి చేరితే నాలుగున్నర.
ఎదురు వీధిలో పైకప్పు వేస్తున్నవాళ్ళు
నిచ్చెన దిగి వస్తారు.
తారు వాసన ముందొస్తుంది, మనుషులు తరవాత.
మెడల మీద ఉప్పు చారలు.
నాలుక పిడచగట్టుకుపోయి
ముందు చేతులే మాట్లాడతాయి.

వాళ్ళ మేస్త్రీ డెట్లెఫ్,
ముప్పై ఒక్క ఏళ్ళుగా కప్పుల మీదే బతికినవాడు.
చేదు బీరు తప్ప మరోటి ముట్టడు.
చేదు లేకపోతే అది మందెలా అవుతుందంటాడు.

పని నేర్చుకునే పిల్ల స్వెన్యా మాత్రం
చేరిన రోజే పుల్ల గోధుమ బీరు అడిగింది.
అలవాటుగా అన్నాను: ఎరుపా, ఆకుపచ్చా?
ఎరుపంటే రాస్ప్‌బెర్రీ పానకం.
ఆకుపచ్చంటే అడవి నీడన పెరిగే ఒక ఆకు,
అప్పుడే కోసిన గడ్డి వాసన.
గిన్నెలాంటి వెడల్పాటి గ్లాసు,
అడుగున పానకం, పైన బీరు.
కలపకూడదు. రంగు తనంతట తనే
మెట్టు మెట్టూ ఎక్కాలి.
అందులో ఒక కాగితం స్ట్రా.

"స్ట్రాతో తాగేది దోమలే," అన్నాడు డెట్లెఫ్.
అందరూ నవ్వారు. స్వెన్యా కూడా నవ్వి
స్ట్రా మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

మొన్న గురువారం ముప్పై ఎనిమిది డిగ్రీలు.
బాతులు కూడా వంతెన నీడ దాటలేదు.
చేదు బీరు తెచ్చే లారీ రాలేదు.
ఫ్రిజ్ తెరిచి చూపించాను: మూడు అరలు ఖాళీ,
కింది అరలో పుల్ల బీరు సీసాల వరస.

డెట్లెఫ్ చూశాడు. నీళ్ళిమ్మన్నాడు.
తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు.
నీళ్ళతో పోయే దాహం ఒకటి,
నీళ్ళు తాగాక మొదలయ్యేది ఇంకొకటి.
ఆ రెండోదానికి పేరు లేదు,
కొట్టు నడిపేవాళ్ళు మొహంలో గుర్తుపడతారు.

నేనేమీ అడగలేదు.
ఎర్రది పోసి అతని ముందు పెట్టి
తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాను.
తుడుస్తున్న గ్లాసులో అన్నీ కనిపిస్తాయి.

ముందు స్ట్రా తీసి బల్ల మీద పడేశాడు.
అంచుకి మూతి పెట్టి ఒక గుక్క.
పైనంతా ఉత్త పులుపే కదా,
పళ్ళు జివ్వుమన్నట్టున్నాయి, ఒక కన్ను మూసుకుపోయింది.
అడుగున ఉన్నది అడుగునే ఉంది.
అప్పుడు, ఎవరూ చూడట్లేదనుకుని,
స్ట్రా తీసుకుని అడుగుదాకా దించాడు.

అతనికేం దొరికిందో నాకెలా తెలుస్తుంది.
నాకు తెలిసిన రుచి చెబుతాను.
మొదట తీపి, అది అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది.
వెనకే పులుపొచ్చి దాని చెవి మెలిపెడుతుంది.
ఆ ఇద్దరూ కొట్టుకుంటూండగా
చల్లదనం సందు చూసుకుని జారుకుంటుంది,
గొంతులోంచి భుజాల్లోకి,
పొద్దుటినుంచీ తారు డబ్బా మోసిన వేళ్ళ చివరికి.
నాలుక మీద ఆఖరుకి మిగిలేది పండు కాదు,
గింజ కొరికినప్పటి పిసరంత వగరు.
మత్తంటారా, నూటికి మూడు పాళ్ళు.
నిచ్చెన మెట్ల లెక్క తప్పదు.

ఉన్నట్టుండి గురక లాంటి చప్పుడు.
స్ట్రా అడుగంటింది.
బల్లలన్నీ ఊరుకున్నాయి.
స్వెన్యా కాలువ వైపు చూస్తూ
"దోమ," అంది, మెల్లిగా.

అతను లేచాడు. చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు,
ఎప్పుడూ ఇచ్చేదానికంటే ఇరవై సెంట్లు ఎక్కువ.
రేపు లారీ వస్తుందా అనడిగాడు.
వస్తుందన్నాను.
"రాకపోయినా పర్లేదులే."

చెవి మీద పెన్సిల్ ఎప్పుడూ ఉండేదే.
దాని పక్కన, పొరపాటునే అనుకుంటాను,
చివర ఎర్రబడ్డ స్ట్రా కూడా దోపుకుని
వంతెన మీదుగా ట్రామ్ స్టాపుకి నడిచిపోయాడు.
ఆరుగురం చూశాం.
ఒక్కరమూ చెప్పలేదు.